కత్తిగారి భార్య

రాజమండ్రి, ఇన్నీసుపేట
6 జనవరి 1998

పెద్దమ్మమ్మకి,

అందరిలాగా "ఇక్కడ క్షేమం" అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. నేను క్షేమంగా లేను. ఒళ్ళు మండిపోతోంది.

నిన్న మా పాపాయిగారి ప్రెస్సుకి మీ మొగలిలంక కోట నుంచి గుమాస్తా వచ్చాడు. హైస్కూలు స్వర్ణోత్సవానికి ఆహ్వానపత్రికలు అచ్చువేయాలట. కంపోజింగు నా చేతికే వచ్చింది. ఒక్కో అక్షరం ఏరి పేర్చాను. "రాజా జగ్గరాజు బహద్దూర్ వారు, వారి ధర్మపత్ని రాణి సీతాయమ్మదేవి వారు..." ఇదే మాట నల్లరాయి మీద చెక్కించి, మార్చి ఒకటిన బడి గుమ్మం పక్కన పెడతారట. కింద దివాను పేరుంది. బడి మొదలెట్టిన నాడు ఊరేగిన ఏనుగు పేరు కూడా ఉంది. ఏనుగు, పెద్దమ్మమ్మా! నీ పేరు లేదు.

ఊరుకోలేక అడిగాను. "ఏమండీ, రాజాగారికి ఇంకో భార్య ఉండాలి కదండీ?"

గుమాస్తా పళ్ళికిలించాడు. "ఓహో, కత్తమ్మగారా? ఆవిడ భార్య కాదండి. కత్తికిచ్చిన మనిషి."

చేతిలో ఉన్న సీసం అక్షరాలు వాడి మొహాన కొట్టేవాణ్ణే. పాపాయిగారు నా చొక్కా పట్టుకుని, "ఒరేయ్, అవి 'ణ'లురా, మన దగ్గర తక్కువున్నాయి" అన్నారు. అందుకని బతికిపోయాడు.

మొన్న స్టేషను బయట పాత పుస్తకాల బండి మీద ప్రపంచంలోని రాజరికాల గురించి ఒక చిన్న పుస్తకం దొరికింది. ఏకబిగిన చదివేశాను. రాజుని చేసుకున్న ఆడది తాళి పడిన పూటే రాణి అయిపోతుంది. రాణిని చేసుకున్న మగాడు మాత్రం రాజు కాడు. ఇంగ్లాండు రాణిగారి భర్తని ఈనాటికీ ఎవరూ రాజు అనరు. ఎందుకంటే రాజు అన్న మాట రాణి అన్న మాట కంటే పెద్దదట. ఆయనకిస్తే ఆవిడ చిన్నదైపోతుందట. ఇంకో విడ్డూరం విను. జర్మనీ వైపు రాజకుమారులు తక్కువ ఇంటి పిల్లని చేసుకుంటే కుడిచెయ్యి బదులు ఎడమచెయ్యి అందించేవాళ్ళట. ఎడమచేతి పెళ్ళాం ఇంట్లో ఉంటుంది, మంచం మీద ఉంటుంది, పిలుపులో మాత్రం ఉండదు. పుట్టిన పిల్లలకి గద్దె లేదు. చదువుతూ ఉంటే నువ్వే గుర్తొచ్చావు. అక్కడ ఎడమచెయ్యి, ఇక్కడ కత్తి. దొంగతనం ఒకటే.

నేను రాజుల పక్షం కాదని నీకు తెలుసు. జమీలు పోయాయి, భరణాలు పోయాయి, ఈ పిలుపులు కూడా గోదాట్లో కలవాలి. కానీ అవి పోయేదాకా ఒకరికి వడ్డించి ఒకరికి విస్తరాకు లాగేస్తామంటే ఊరుకోను. ఆ రాయి మీద "రాణి మహాలక్ష్మీదేవి" అని చెక్కించి తీరతాను. నువ్వు చూస్తూ ఉండు.

రాజులే లేని రోజు కోసం బతుకుతున్న నీ మనవడు,
అప్పాజీ


మొగలిలంక
18 జనవరి 1998

చిరంజీవి అప్పాజీకి పెద్దమ్మమ్మ దీవెనలు.

నీ ఉత్తరం పోస్టుమాను గుమ్మంలోకి విసిరేసి పోతే మేక నోట్లోంచి లాక్కున్నాను. ఒక మూల కొరికేసింది. నీ కోపం ఆ మూలలోనే ఎక్కువుందేమో, మిగతాది చదివితే నవ్వొచ్చింది.

రాజులు పోవాలంటావు, నన్ను రాణిని చేస్తానంటావు. ఏదో ఒకటి తేల్చుకోరా.

నేను బాగున్నాను. లేసు కంపెనీవాళ్ళు ఈసారి బల్లగుడ్డలు అడిగారు, గులాబీ పువ్వు అల్లిక. కళ్ళు సహకరించడం లేదు గానీ వేళ్ళకి కళ్ళతో పనిలేదు. పక్కింటి తలుపులమ్మ కూతురు వీరదుర్గకి సంబంధం కుదిరింది. పాలకొల్లు వైపు. మాఘమాసంలో పెళ్ళి. పసుపు దంచడానికి మొదటి రోకటి పోటు నాదే అని తలుపులమ్మ ఇప్పటినుంచే చెబుతోంది. ఈ వీధిలో ఏ పిల్ల పెళ్ళైనా మొదటి పోటు నాదే కదా.

నీకు నా పెళ్ళి సంగతి మీ అమ్మ సగం చెప్పి ఉంటుంది, మిగతా సగం నువ్వు పుస్తకంలోంచి కలుపుకున్నావు. అసలు సంగతి విను. మా నాన్న కోటవారి పడవ నడిపేవాడు. రేవులో వల ఆరేస్తున్న నన్ను జగ్గరాజుగారు చూశారు. చేపలు పట్టేవాళ్ళ పిల్ల పీటల మీద రాజుగారి పక్కన కూర్చుంటే వంశం మునిగిపోతుందని దివాను అన్నాడట. అందుకని కత్తిని పంపించారు. పల్లకిలో వచ్చింది. పీట మీద పట్టుగుడ్డ పరిచి పడుకోబెట్టారు. దానికి బాసికం కట్టారు. మంగళసూత్రం పిడికి తాకించి, దివానుగారి భార్య నా మెడలో కట్టింది. కత్తికి చెమట పట్టదు కదా, పెళ్ళికొడుకు దర్జాగా ఉన్నాడు అన్నారు మా వాళ్ళు. అదే వేళకి రాజుగారు మేడ మీద చదరంగం ఆడుతున్నారట.

ఎడమచేతి పెళ్ళి అని రాశావు. ఎడమదైనా మనిషి చెయ్యే కదరా, వాళ్ళే నయం.

ఆ రాయి గొడవ మానెయ్యి. నాకు రాణి పిలుపు వద్దు. నాకున్నది చాలు.

ఎండు చేపలు పంపుతున్నాను, బస్సు డ్రైవరు బుల్లియ్యకిచ్చాను. దార్లో తినేస్తే అడుగు.

మహాలక్ష్మమ్మ


రాజమండ్రి
27 జనవరి 1998

పెద్దమ్మమ్మకి,

చేపలు అందాయి. బుల్లియ్య తినలేదు, తిన్నా చెప్పడు.

నీ ఉత్తరం చదివి రాత్రంతా తిట్టుకున్నాను. నిన్ను కాదు, "నాకున్నది చాలు" అన్న మాటని. ఆ మాట నీది కాదు పెద్దమ్మమ్మా. ఆ మాట నీ చేత అనిపించడానికి కోటవాళ్ళకి యాభై ఏళ్ళు పట్టింది. కూలివాడి చేత "ఇచ్చిందే చాలండి" అనిపిస్తారే, అది ఇదే. సారా వ్యతిరేక ఉద్యమంలో దూబగుంట ఆడవాళ్ళు "మాకింతే" అని కూర్చుని ఉంటే ఈ రాష్ట్రంలో సారా దుకాణాలు మూతపడేవా? బానిసకి బరువు అలవాటైపోతుందని ఒక కరపత్రంలో చదివాను. నీ ఉత్తరం చూశాక అర్థమైంది.

కాబట్టి నువ్వు వద్దన్నా నేను మొదలెట్టేశాను. ప్రెస్సు నిండా ఎన్నికల పని. పార్టీవాళ్ళ పోస్టర్లు కత్తిరించగా మిగిలిన గులాబీ కాగితం గుట్టలుగా పడి ఉంది. పాపాయిగారు భోజనానికి వెళ్ళినప్పుడు నా చేతుల్తో పేర్చి, నా కాళ్ళతో మిషను తొక్కి, అచ్చువేశాను. ఇదిగో:

"మొగలిలంక ప్రజలారా! ఏనుగుకున్న గౌరవం ఇల్లాలికి లేదా? స్వర్గీయ జగ్గరాజుగారి ధర్మపత్ని, భర్త పోయినా బొట్టు చెరపని వీరవనిత, మన మహాలక్ష్మీదేవిగారికి రాణి అన్న పిలుపు ఏది? కత్తి కట్టలేదు తాళి, కపటం కట్టింది! పెళ్ళాడినది రాజు, తప్పించుకున్నదీ రాజు! శిలాఫలకం మీద రాణి మహాలక్ష్మీదేవి పేరు చెక్కాలి! చెక్కేదాకా పోరాటం!"

'ణ'లు అయిపోయి ఆఖరి 'రాణి'లో చెక్కలో చెక్కిన అక్షరం వాడాల్సి వచ్చింది. కొంచెం వంకరగా పడింది, అదీ బాగుంది.

కట్టలు బుల్లియ్యకిచ్చాను. బస్సులో ప్రతి సీటు మీదా ఒకటి, రేవులో, బడి గోడకి, సంతలో పంచాడు. వెంకటరాజుగారికి, అంటే ఇప్పుడు కోటలో పెద్దరికం చేస్తున్న ఆ రాణిగారి కొడుక్కి, పోస్టులో ఒకటి పంపాను. కవరు మీద "రాజా" అని రాయలేదు. "వెంకటరాజుగారికి" అని మాత్రమే రాశాను. 

చిన్నప్పుడు సెలవుల్లో నీ దగ్గరికొచ్చినప్పుడల్లా నీ నుదుటి మీద ఆ కాణీ అంత బొట్టు చూసి, ఊళ్ళో మా పెద్దమ్మమ్మ ఒక్కతే ఎవరికీ భయపడదు అనుకునేవాణ్ణి. నా ధైర్యం అక్కణ్ణుంచి వచ్చిందే. ఇప్పుడు నువ్వే వెనక్కి తగ్గుతానంటే కుదరదు.

తగ్గని,
అప్పాజీ


మొగలిలంక
5 ఫిబ్రవరి 1998

అప్పాజీకి,

నిన్న పొద్దున్న తలుపులమ్మ ఇంట్లో పసుపు దంచారు. రోలు వాళ్ళ పెరట్లో, నా గోడకి అటుపక్క. నేను తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని, గాజులు వేసుకుని అరుగు మీద కూర్చున్నాను. రోకటి పోటు వినిపించింది. మొదటిది. రెండోది. పాట కూడా మొదలెట్టారు. నన్నెవరూ పిలవలేదు.

కాసేపటికి తలుపులమ్మ గోడ మీంచి తొంగి చూసింది. ఏడుపు మొహం.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. ఆ గులాబీ కాగితంలో రాజాగారు మీ భర్త అని అచ్చులో వచ్చేసింది కదండీ. పిల్లది కొత్తగా కాపురానికి వెళ్ళేది. మగపెళ్ళివారు కూడా చదివారు. మా అత్తగారు ఒప్పుకోలేదండి."

నేనేమంటాను? "దంచుకోండమ్మా" అన్నాను.

నువ్వు చిన్నప్పటినుంచీ నా బొట్టు చూస్తున్నావు. అదేంటి అని ఒక్కసారి అడగలేదు. నీ పుస్తకాల్లో సమాధానం ఉందనుకున్నావు. ఇప్పుడు చెబుతాను, ఇప్పుడు చెప్పి ఏం లాభమో తెలీదు.

జగ్గరాజుగారు పోయిన పదోనాడు కోటలో ఆడవాళ్ళు పసుపు నీళ్ళ చెంబు పట్టుకుని నా గుమ్మంలోకొచ్చారు. గాజులు పగలగొట్టాలి, బొట్టు తుడవాలి. పురోహితుడు కూడా ఉన్నాడు. నేను గడపలో నిలబడి అడిగాను, "చచ్చిపోయింది ఎవరు?"

"అదేం మాటమ్మా, రాజావారు."

"ఆయన నాకేమవుతారు?"

నేనే అన్నాను. "పెళ్ళైన కొత్తలో వంటవాడు నన్ను రాణిగారూ అన్నందుకు దివాను వాణ్ణి పనిలోంచి తీసేశాడు. నన్ను నిలబెట్టి, 'నిన్ను రాజాగారికి ఇవ్వలేదు, కత్తికిచ్చాం, గుర్తుపెట్టుకో' అన్నాడు. పెట్టుకున్నాను. నా మొగుడు కత్తి. ఆయన మీ హాల్లో గోడకి వేలాడుతున్నాడు. పోయి చూడండి, ఒంటి మీద తుప్పు కూడా లేదు. నా మొగుడు బతికుండగా నా బొట్టు తుడుస్తారా?"

పురోహితుడు శాస్త్రం వెతికాడు. ఆకాశం చూశాడు, చెంబు చూశాడు, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి నేను ముత్తైదువనే. ఏటా విజయదశమికి కోటకెళ్ళి కత్తికి బొట్టు పెట్టి వస్తాను. ఊరంతా ఒప్పుకుంది. రాజుగారు బతికున్నప్పుడు ఈ ఇంటికొచ్చేవాడు, కాఫీ తాగేవాడు, పోయేవాడు. నేను ఆయన్ని మొగుడనుకోలేదు. మొగుడి తరఫు చుట్టం అనుకునేదాన్ని.

వాళ్ళు నన్ను కిందకి తొయ్యడానికి వాడిన మాటనే పట్టుకుని ఇన్నేళ్ళు నిలబడ్డానురా. నువ్వొచ్చి ఆ మాట అబద్ధమని అచ్చువేసి పంచావు. ఆయన భార్యనైతే నేను రాణిని. రాణినైతే నేను విధవని. అంతే కదా?

నన్ను కత్తికిచ్చినప్పుడు మా నాన్న నన్ను అడగలేదు. నన్ను రాణిని చేసినప్పుడు నువ్వూ అడగలేదు.

మహాలక్ష్మమ్మ


రాజమండ్రి
6 ఫిబ్రవరి 1998

పెద్దమ్మమ్మా! గెలిచాం!

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు, ఆగలేక రాస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం ప్రెస్సు ముందు తెల్ల కారు ఆగింది. వెంకటరాజుగారు స్వయంగా దిగారు. చేతిలో మన గులాబీ కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. పాపాయిగారు కుర్చీ తుడిచారు. నేను లేవలేదు. మిషను తొక్కుతూనే ఉన్నాను.

"అప్పాజీ అంటే నువ్వేనా?"

"అవునండి."

"ఇరవై ఏళ్ళు ఉంటాయా?"

"ఇరవై రెండండి. కత్తి పెళ్ళి తప్పని చెప్పడానికి చాలు."

ఆయన కాగితం మడతలు విప్పాడు. ఎన్నికల సమయంలో తన పేరు ఇలా వీధిన పడడం ఇష్టం లేదట. ఏదో పార్టీ టిక్కెట్టు మీద కూడా ఆశ ఉండేదట. చివరికి అన్నాడు: "రాయి ఇంకా చెక్కుతున్నారు. రాణి మహాలక్ష్మీదేవి అని వేయిస్తాను. సరేనా? ఆవిడ వేదిక మీద మా అమ్మగారి పక్కన కూర్చుంటారు. రాణిగారి మర్యాద ఎలా జరగాలో అలాగే జరుగుతుంది, కావలసినవన్నీ ఇంటికి పంపిస్తాం. ఇక ఈ కాగితాలు ఆపు."

ఒక సీసం అక్షరం పట్టుకుని కోటని వంచాం! చూశావా, పోరాడితే వస్తుంది. నువ్వు వద్దన్నావు గానీ ఆ రాయి మీద నీ పేరు చూసినప్పుడు నీ మనసు మారుతుంది.

పాపాయిగారు నాకు టీ తెప్పించారు. గులాబీ కాగితం ఖరీదు మాత్రం అడిగారు.

జయహో,
రాణిగారి మనవడు


మొగలిలంక
12 ఫిబ్రవరి 1998

అప్పాజీ,

రాణిగారి మర్యాద వచ్చింది.

గుమాస్తా ఇత్తడి పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. పైన కప్పిన గుడ్డ తీస్తే తెల్ల పట్టుచీర. అంచు లేదు. నా చేతులకేసి, నుదుటికేసి చూసి గొంతు సవరించుకున్నాడు.

"మార్చి ఒకటిన ఇదే కట్టుకుని రావాలండి రాణిగారూ. గాజులూ బొట్టూ... పెద్ద రాణిగారు ఎలా ఉంటారో చూశారు కదండీ. ఆవిడ పక్కన మీరు ఇలా కూర్చుంటే జనం నవ్వుతారండి."

నన్ను ఆ కోటవాళ్ళు రాణిగారూ అనడం ఇదే మొదటిసారి. చూశావా, మొదటిసారి అన్నదే తెల్లచీర చేతిలో పెట్టి అన్నారు.

పళ్ళెం తిప్పి పంపలేదు. అటక మీద పెట్టాను. ఏం చెయ్యాలో నాకు తెలుసు. నువ్వు మాత్రం మార్చి ఒకటిన రావద్దు. వస్తే మైకు లాక్కుంటావు.

వీరదుర్గ పెళ్ళి మరో ఆరు రోజుల్లో. నేను వెళ్ళడం లేదు. పిల్ల గోడ పక్కకొచ్చి ఏడ్చింది. పెళ్ళికూతురు ఏడవకూడదని కసిరాను.

మహాలక్ష్మమ్మ


రాజమండ్రి
16 ఫిబ్రవరి 1998

పెద్దమ్మమ్మా,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. ఐదో తారీఖుదీ, పన్నెండోదీ. నా "గెలిచాం" మాట తల్చుకుంటే నా వేళ్ళు మిషను కింద పెట్టుకోవాలనిపించింది. తప్పు నాది. దాన్ని ఇంతకంటే పొడుగ్గా రాయను, రాస్తే అది కూడా నా గురించే అవుతుంది.

కానీ ఒక్క మాట అడక్కుండా ఉండలేను, తిట్టినా సరే. బొట్టు మొగుడిదని ఎవరు చెప్పారు? పుట్టినప్పుడు పెట్టిన బొట్టు కదా అది? తలుపులమ్మ అత్తగారికి ఎవరిచ్చారు ఆ హక్కు? మొగుడు పోయిన ఆడది రోకలి పట్టుకుంటే పసుపు పచ్చగా రాదా? నీ ఒక్కదానికి కాదు, ఊళ్ళో ఉన్న ప్రతి విధవకీ ఆ మొదటి పోటు ఉండాలి. ఇది నేను వదిలిపెట్టను. కానీ నీ బొట్టు పణంగా పెట్టి ఆ పోరాటం చెయ్యను. అది నీదని ఇప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. ఇది నీకు చెప్పాలి. స్వర్ణోత్సవం రోజు కార్యక్రమం కాగితం నిన్న అచ్చుకొచ్చింది. ఆఖర్న ఇలా ఉంది: "రాజావారి ఖడ్గమును హైదరాబాదులోని మ్యూజియమునకు సమర్పించుట." వేదిక మీదే ఇచ్చేస్తారట. ఆ సాయంత్రమే కారులో వెళ్ళిపోతుంది.

అక్షరాలు పేరుస్తుంటే నా చేతులు ఆగిపోయాయి. ఇంతకుముందైతే ఆ పంక్తి పీకేసి, దాని బదులు ఇంకేదో అచ్చువేసేవాణ్ణి. పీకలేదు. ఉన్నదున్నట్టు వేశాను. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. ఏం చెయ్యను? కరపత్రం వెయ్యమంటే వేస్తాను. కోట గుమ్మం ముందు కూర్చోమంటే కూర్చుంటాను. ఊరుకోమంటే ఊరుకుంటాను. ఊరుకోవడం నాకెంత కష్టమో నీకు తెలుసు. నువ్వు చెప్పేదాకా చేతులు కట్టుకుని ఉంటాను. రావద్దన్నావు, రాను.

నీ మాట కోసం కూర్చున్న,
అప్పాజీ


మొగలిలంక
3 మార్చి 1998

ఒరేయ్ అప్పాజీ,

నీకు వెంటనే జవాబు రాయలేదు. కావాలనే. చేతులు కట్టుకుని కూర్చోవడం నీకు మంచిదనుకున్నాను. రెండు వారాలు కూర్చున్నావు. బుల్లియ్య చెప్పాడు, ప్రెస్సులో నీ మొహం చూడలేకపోతున్నామని పాపాయిగారు అన్నారట.

ఇప్పుడు విను, వరసగా చెబుతాను. మధ్యలో లేవకు.

మొన్న ఆదివారం తెల్లవారుజామునే లేచి తలంటుకున్నాను. ఎర్రంచు పచ్చ చీర కట్టాను. మోచేతుల దాకా గాజులు. బొట్టు మామూలు కంటే పెద్దది పెట్టాను, దూరం నుంచి కూడా కనబడాలని. తెల్లచీర పళ్ళెం చంకన పెట్టుకుని రిక్షాలో బడికి వెళ్ళాను. గుమ్మం దగ్గర గుమాస్తా అడ్డం వచ్చాడు. "అమ్మా, ఇదేంటండి ఇలా వచ్చారు?" అన్నాడు. "నీ కాగితం ప్రకారం మా ఆయన ఊరెళ్ళిపోతున్నాడట కదా, సాగనంపడానికి వచ్చాను" అన్నాను. తప్పుకున్నాడు.

వేదిక మీద జగ్గరాజుగారి పటం. దాని కింద పట్టుదిండు మీద కత్తి. దండ వేశారు. పక్కన పెద్ద రాణి సీతాయమ్మగారు, తెల్లచీరలో, కర్ర పట్టుకుని. ఆవిడకి ఎనభై దాటాయి. నాకు ఆవిడ పక్కన కుర్చీ. కూర్చున్నాను. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. తలుపులమ్మ అత్తగారు ముందు వరసలోనే ఉంది.

రాయి మీద గుడ్డ తీశారు. ఉందిరా, నీ పేరు. అంటే నువ్వు నాకు పెట్టిన పేరు. "రాణి మహాలక్ష్మీదేవి." అక్షరాలు బాగున్నాయి. చప్పట్లు కొట్టారు. వెంకటరాజుగారు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు నా ముందు పెట్టారు. జన్మలో మైకు పట్టుకోలేదు. అది కుయ్యిమంటే ఉలిక్కిపడ్డాను, అందరూ నవ్వారు. నవ్వేసరికి నా భయం పోయింది.

"బాబూ వెంకటరాజూ, యాభై ఏళ్ళ కిందట నన్ను రాజుగారికి ఇవ్వలేదని మీ దివాను చెప్పాడు. కత్తికిచ్చామన్నాడు. ఇప్పుడు నువ్వు నన్ను రాణి అంటున్నావు. రాణి అంటే తెల్లచీర పంపావు. రెండూ నాకక్కర్లేదు. ఇదిగో నీ చీర, ఇదిగో నీ పిలుపు. ఉంచుకో. మా ఆయన్ని నాకిచ్చెయ్యి."

"ఎవరమ్మా మీ ఆయన?" అన్నాడు వెంకటరాజుగారు. పాపం, నిజంగానే అర్థం కాలేదు.

వేలు పెట్టి చూపించాను. "అదిగో, దండ వేసుకుని పడుకున్నాడు. బతికున్నవాడికి దండేంటి, ముందది తియ్యండి."

వెనక వరసలో మన రేవువాళ్ళు ఈల వేశారు. పిల్లలు బెంచీలెక్కారు. హైదరాబాదు నుంచి వచ్చిన మ్యూజియం ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. వెంకటరాజుగారి మొహం నీ గులాబీ కాగితం రంగు తిరిగింది. "అది వంశం సొత్తమ్మా, చరిత్ర..." అంటున్నాడు.

అప్పుడు పెద్ద రాణిగారు కర్రతో నేల మీద కొట్టారు. ఆవిడ గొంతు చిన్నది గానీ మైకు దగ్గరే ఉంది.

"ఇచ్చెయ్యరా అబ్బాయ్. పెళ్ళాం కాపురానికి రమ్మని పిలుస్తుంటే మధ్యలో నువ్వెవరివి?"

తల్లి మాట. ఏం చేస్తాడు? తనే రెండు చేతులా ఎత్తి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. బరువుందిరా. పెళ్ళినాడు నేను తాకలేదు కదా, ఇంత బరువుంటుందని తెలీదు. దండ తీసి పక్కన పెట్టి, నా నుదుటి కుంకుమ కాస్త తీసి పిడికి పెట్టాను.

పెద్ద రాణిగారు నాకేసి వంగారు. ఇన్నేళ్ళలో ఆవిడ నాతో మాట్లాడింది లేదు. విజయదశమికి నేను వెళ్ళినప్పుడు తలుపు వెనక నుంచి చూసేవారు, అంతే. నా గాజుల మీద వేలుతో ఒకసారి రాశారు. "నువ్వే నయం మహాలక్ష్మీ" అన్నారు. "నేను మనిషిని చేసుకున్నాను."

ఇది మైకులో వినపడలేదు. నాకే వినపడింది. నీకు చెబుతున్నాను, ఎక్కడా వెయ్యకు.

రాయి మీద 'రాణి' అన్న మాట చెక్కి తీసేయమని ఉలి పట్టిన సత్తియ్యకి అక్కడే చెప్పాను. నిన్న వచ్చి తీసేశాడు. అక్కడ ఇప్పుడు గుంట ఉంది. పక్కన "మహాలక్ష్మీదేవి" అని ఒంటరిగా ఉంది. 'దేవి' కూడా తీసెయ్యమన్నాను గానీ రాయి పగులుతుందన్నాడు. పోనీలే, అంత మాత్రం ఉండనీ.

కత్తిని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. తలుపులమ్మ అత్తగారు ఆ సాయంత్రమే వచ్చింది. నన్ను కాదు, కత్తిని చూడ్డానికి. చుట్టూ తిరిగి చూసింది, వేలితో తాకింది, పదునుందో లేదో చూసుకుంది. "రేపు గురువారం వీరదుర్గకి పదహారు రోజుల పండగ, నల్లపూసలు గుచ్చాలి. మొదటి పూస నువ్వే గుచ్చాలి మహాలక్ష్మీ" అంది. "మీ ఇంట్లో చిన్నమ్మాయి ఉంది కదా" అన్నాను. చిన్నమ్మాయి ఆవిడ కోడలి చెల్లెలు, పోయినేడు మొగుడు పోయి అక్క ఇంట్లో మూల కూర్చుంది. "దాన్నెలా కూర్చోబెడతాం?" అంది. "రెండో పూస ఆ పిల్ల గుచ్చితేనే మొదటిది నేను గుచ్చుతాను. లేకపోతే మా ఆయనకి ఒంట్లో బాగాలేదు, రాలేను" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళింది. మళ్ళీ రాత్రి కబురు పంపింది, సరేనట.

నీ పోరాటం అన్నావు కదా. ఇలా కూడా చెయ్యొచ్చు, కాగితం ఖర్చు లేకుండా.

ఆయన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మొదటి రాత్రి మంచం పక్కన గోడకి ఆనించాను. నిన్న పొద్దున్న కొబ్బరికాయ కొట్టుకుందామంటే కత్తిపీట కనబడలేదు. చుట్టూ చూశాను, ఆయన ఖాళీగానే ఉన్నాడు. ఒక్క దెబ్బకి రెండు చెక్కలయ్యాయి. జమీందార్ల కత్తి రా, ఇన్ని తరాల్లో చేసిన మొదటి పని ఇదేనేమో. పచ్చడి చేశాను. పెళ్ళైన యాభై ఏళ్ళకి కాపురానికొచ్చినవాడు, కూర్చోబెట్టి తినిపించాలా ఏంటి?

ఈ సంగతంతా అచ్చువేస్తానని నీకు చేతులు దురద పెడుతూ ఉంటాయి. నువ్వు అడక్కముందే చెబుతున్నాను, వెయ్యి. పెద్ద రాణిగారి మాట వదిలేసి మిగతాదంతా వెయ్యి. ఈసారి గులాబీ కాగితం వద్దు, నాకు పచ్చ ఇష్టం. పైన నా పేరు ఎలా పెట్టాలో కింద రాశాను, చూడు. అందులో 'ణ' అక్కర్లేదు కాబట్టి పాపాయిగారు సంతోషిస్తారు.

కత్తిగారి భార్య
మహాలక్ష్మమ్మ